విజిల్ వేయని కుక్కర్

ఫ్యాక్టరీ క్వార్టర్స్, పై వాటా
ఆదివారం

అక్కా,

కడుపు సంగతి పక్కన పెడితే నేను బాగానే ఉన్నాను. నువ్వూ బావా కులాసాగా ఉండి ఉంటారు.

అసలు విషయానికి వస్తాను. ప్రెషర్ కుక్కర్లో అన్నం ఎలా వండాలో వివరంగా రాసి పంపు. వివరంగా అంటే, లేత్ మిషన్ మీదకి కొత్తగా వచ్చినవాడికి చెప్పినట్టు, నాకేమీ తెలీదనుకుని చెప్పు. నీ మరదల్ని ప్రెస్సు వాళ్ళు వేరే బ్రాంచికి పంపారు. అక్కడ ప్రూఫులు దిద్దేవాళ్ళు లేరట. రావడానికి కొన్నాళ్ళు పడుతుంది. ఇన్నాళ్ళూ క్యాంటీన్లో నెట్టుకొచ్చాను. ఆ వంటవాడు కూరలో నూనె వేస్తాడో, నూనెలో కూర చూపిస్తాడో గానీ, గుండెల్లో మంట తగ్గడం లేదు. సెలవు రోజుల్లో అదీ ఉండదు.

అందుకని నేనే వండుకుందామని కుక్కర్ పెట్టాను. బియ్యం పోశాను, నీళ్ళు పోశాను, మూత బిగించాను, మంట పెట్టాను. విజిల్ వచ్చాక ఆపాలని మాత్రం తెలుసు. ఆ విజిల్ రాలేదు. పేపరంతా చదివేశాను, వధూవరుల ప్రకటనలతో సహా. చివరికి వాసన వచ్చింది. మూత తీస్తే పైన జిగురు, కింద బొగ్గు. మర్నాడు కొత్త రబ్బరు వేయించాను. మళ్ళీ అంతే. తర్వాత పైన పెట్టే వెయిట్ కూడా మార్చాను. అప్పుడూ ఒక్క విజిల్ రాలేదు.

వెంట్రుకవాసి తేడా ఉన్నా వేలితో తడిమి చెప్పేవాణ్ణి నేను. ఇనుము నా మాట వింటుంది. ఈ గిన్నె వినడం లేదు. పక్కవాళ్ళని అడుగుదామంటే నామోషీ.

ఫోన్ మాత్రం చేయకు. మా లైను బాగోదు, నువ్వు నోట్లో ముద్ద పెట్టుకుని మాట్లాడుతున్నట్టుంటుంది. ఉత్తరమే రాయి.

నీ తమ్ముడు


టైలరింగ్ షాపు, వెనక గది
గురువారం

ఒరేయ్ తమ్ముడూ,

జుట్టు సగం నెరిశాక వంట నేర్చుకోవాలనిపించినందుకు సంతోషం. స్కూలు యూనిఫాంల పని నెత్తి మీద ఉన్నప్పుడే అనిపించిందేమిట్రా? బటన్లు కుట్టే చేత్తోనే ఇది రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకో.

ముందు ఒక ప్రశ్న. నీ పెళ్ళాన్ని అడక్కుండా నన్నెందుకు అడుగుతున్నావు? ఆ బ్రాంచికి పోస్టు వెళ్ళదా? సరే, మీ ఇద్దరి సంగతి నాకెందుకులే.

వంట చెప్తాను విను. గ్లాసు బియ్యం కడుగు. కడగడం అంటే ఒకసారి నీళ్ళు చూపించడం కాదు, నీళ్ళు తేటగా వచ్చేదాకా. రెండు గ్లాసుల నీళ్ళు పోసి కాసేపు నాననివ్వు. మూతకి మధ్యలో సన్నని గొట్టం ఉంటుంది. దాన్ని కంటి దగ్గర పెట్టుకుని వెలుతురులోకి చూడు. అవతల వెలుగు కనిపించాలి. కనిపించకపోతే పుల్లతో పొడువు. మూత పెట్టి పెద్ద మంట మీద ఉంచు. గొట్టంలోంచి ఆవిరి గట్టిగా తన్నుకొచ్చేదాకా వెయిట్ పెట్టకు. పెట్టాక మూడు విజిళ్ళు రానిచ్చి కట్టేయి. ఆవిరి దానంతటదే పోవాలి. ఆత్రపడి మూత పీకావంటే మొహం కాలుతుంది.

బియ్యం పొయ్యి మీద పెట్టి పేపరు చదవడమేమిట్రా. అది చంటిపిల్లలాంటిది, దాని మీద ఒక కన్నుండాలి. నీకు చిన్నప్పటి నుంచీ అంతే, ఒక పనిలో పడితే పక్కన ఇల్లు తగలబడుతున్నా తెలీదు.

ఈసారి విజిల్ రాకపోతే నన్నడుగు. వస్తుంది, రాక ఎక్కడికి పోతుంది.

అక్క


ఫ్యాక్టరీ క్వార్టర్స్, పై వాటా
ఆదివారం సాయంత్రం

అక్కా,

రాలేదు.

నువ్వు రాసింది గోడకి అతికించి ఒక్కో పనీ చేసుకుంటూ పోయాను. నీళ్ళు తేటబడేదాకా కడిగాను. గొట్టంలోంచి చూస్తే ఎదురింటి డాబా మీద ఆరేసిన దుప్పటి కనిపించింది. అంటే అడ్డు లేదు. ఆవిరి తన్నుకొచ్చాక వెయిట్ పెట్టాను. ఈసారి పేపరు ముట్టుకోలేదు, కుర్చీ వేసుకుని ఎదురుగానే కూర్చున్నాను. వెయిట్ లేచింది, పక్కకి ఊగింది, ఆవిరి చిమ్మింది, కూర్చుంది. మళ్ళీ లేచింది. ఇదంతా కళ్ళారా చూశాను. విజిల్ మాత్రం లేదు. ఎక్కడో లీకవుతోందని మూత చుట్టూ తడిగుడ్డ చుట్టి కూడా చూశాను.

ఇంతలో కింది వాటా ఆవిడ వచ్చింది. పళ్ళ డాక్టరు దగ్గర నర్సు, చంటిబిడ్డ తల్లి. తలుపు తీసేసరికే కోపంగా ఉంది, కొట్టి కొట్టి చెయ్యి నొప్పెట్టిందట. గట్టిగా కొడితే నేను తీయనా? ఆవిడ అనేదేమిటంటే, నా కుక్కర్ గూడ్సుబండిలా ఆగకుండా కూస్తోందట, పాప ఉలిక్కిపడి లేస్తోందట. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అమ్మా, ఒక్కసారైనా కూయాలని నేను మొక్కుకుంటున్నాను అన్నాను. ఆవిడ నా వైపోసారి, కుక్కర్ వైపోసారి చూసి దిగిపోయింది. పై వాటా వాడి మీద ఏదో ఒక ఫిర్యాదు ఉండాలి కదా.

కుక్కర్ని చంకలో పెట్టుకుని రిపేరు షాపుకి వెళ్ళాను. వాడు నీళ్ళు పోసి, స్టవ్ వెలిగించి, వెయిట్ లేవగానే వేలు చూపించి, విన్నారా, బ్రహ్మాండంగా వస్తోంది అన్నాడు. నాకేం వినపడలేదు అన్నాను. షాపులో ఉన్న ఇంకో ఇద్దరిని పిలిచి సాక్ష్యం చెప్పించాడు. ముగ్గురూ కలిసి నన్ను వెర్రివాణ్ణి చేశారు. సరుకు అంటగట్టి సర్దిచెప్పడం వాళ్ళకి అలవాటే.

అన్నం మళ్ళీ జావైంది. ఉప్పేసుకుని తాగాను. ఈ కంపెనీ కుక్కర్ పారేసి వేరేది కొననా? నీ దగ్గర ఉన్నది ఏ రకం?

తమ్ముడు


టైలరింగ్ షాపు, వెనక గది
మంగళవారం

తమ్ముడూ,

కుక్కర్ కొనకు. పారేయకు కూడా. ముందు నేనడిగేవాటికి సూటిగా జవాబు రాయి. నీ వెటకారాలు వద్దు.

మీ గోడ గడియారం టిక్కుటిక్కుమంటుందా? మీ ఇంటి కాలింగ్ బెల్లు పని చేస్తోందా? ఫోన్ మోగితే పక్క గదిలోంచి వస్తావా, లేక దాని పక్కనే ఉన్నప్పుడే తీస్తావా? ఇంటి వెనక చెట్టు మీద పొద్దున్నే పిట్టలు అరుస్తాయా? మీ ఫ్యాక్టరీ సైరన్ సంగతి అడగడం లేదు, అది చచ్చినవాళ్ళకి కూడా వినపడుతుంది.

ఇంకొకటి. కింది వాటా ఆవిడకి నీతో ఏ తగాదా లేదు. పసిబిడ్డ తల్లికి మెట్లెక్కి వచ్చి అబద్ధాలు చెప్పే తీరిక ఎక్కడుంటుందిరా.

అక్క


ఫ్యాక్టరీ క్వార్టర్స్, పై వాటా
శనివారం

అక్కా,

నేను కుక్కర్ గురించి అడిగితే నువ్వు పిట్టల గురించి అడుగుతున్నావు. ఏ పిట్టలు? ఇక్కడ పిట్టలు లేక ఏళ్ళయింది. ఫ్యాక్టరీ పొగకి అన్నీ ఎటో పోయాయి. కాలింగ్ బెల్లు ఎప్పుడో చెడిపోయింది, క్వార్టర్స్ వాళ్ళు బాగుచేయించరు. గడియారం ఇప్పుడొచ్చే రకం, చప్పుడు చేయదు. ఫోన్ నాసిరకం. చాలా? నేను ముసలివాణ్ణయ్యానని చెప్పదలిస్తే నేరుగా చెప్పు, చుట్టూ తిప్పకు. మా ఫ్యాక్టరీ లేత్ షాపులో ఫోర్‌మన్ చిటికెన వేలు కదిపితే ఏం కావాలో నాకు అర్థమవుతుంది. ఆ మోతలో అందరం సైగలతోనే పని కానిస్తాం. నా పనిలో ఇప్పటిదాకా ఒక్క పొరపాటు రాలేదు.

అందరూ నన్నే అంటారు. నీ మరదలూ అంతే. నీకు దాచడమెందుకు, బ్రాంచి గీంచి ఏమీ లేదు. వెళ్ళిపోయింది. నేనేం చేశానో చెప్పి వెళ్ళినా బాగుండేది. కొట్టానా, తిట్టానా? కొన్నేళ్ళుగా నోట్లోనే గొణుక్కోవడం అలవాటు చేసుకుంది. ఏమన్నావని అడిగితే, ఏం లేదులే అంటుంది. వెళ్ళిన రోజు పొద్దున సంచీ పట్టుకుని గుమ్మంలో నిలబడింది. ఎక్కడికి అంటే, నిన్న చెప్పాను కదా అంది. ప్రెస్సు పని కాబోలనుకున్నాను. రెండు రోజుల తర్వాత ఫోన్ చేసింది. ఆ దిక్కుమాలిన లైనులో ఏదో అంది. సరే, సరే అన్నాను. అంతే, మళ్ళీ చేయలేదు. ప్రెస్సుకి వెళ్ళి అడిగితే, ఆవిడకి పని పోస్టులో పంపుతున్నాం, చిరునామా ఇవ్వొద్దంది అన్నారు. అంత మాట అనిపించుకున్నాక ఇంకోసారి వెళ్ళి బతిమాలతానా?

ఇప్పుడైనా కుక్కర్ సంగతి చెప్తావా? చిక్కుడు గింజలు తెచ్చి నానబోశాను. వాటికెంతసేపు?

తమ్ముడు


టైలరింగ్ షాపు, వెనక గది
బుధవారం

ఒరేయ్,

గింజల సంగతి తర్వాత. కూర్చుని చదువు.

నీ పెళ్ళాం నా దగ్గరే ఉంది. వచ్చిన రోజు నుంచీ ఇక్కడే. నీ మొదటి ఉత్తరం వచ్చినప్పుడు నా ఎదురుగా రెండో మిషన్ మీద కాగితాలు పరుచుకుని ప్రూఫులు దిద్దుతోంది. బ్రాంచికి పంపారని నువ్వు రాసినది చదివి వినిపిస్తే, ఇంకో కాగితం ముందుకు లాక్కుంది. తనిక్కడుందని చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకుంది. నీకు వంట చెప్తూ ఉత్తరాలు రాశానే గానీ, ప్రతి ఉత్తరానికీ నా ఒళ్ళు మండిపోయింది. ఇంత మొండివాడా నా తమ్ముడని.

తను ఎందుకు వచ్చేసిందో ఇప్పుడు చెప్తాను. వెళ్ళడానికి ముందు రోజు సాయంత్రం తను వంటగది గుమ్మంలో నిలబడి నీతో మాట్లాడింది. చంక కింద గడ్డ తగిలిందట. డాక్టరుకి చూపిస్తే కోసి పరీక్షకి పంపాలన్నాడట. రేపు ఆసుపత్రిలో చేరాలి, నాకు భయంగా ఉంది, నాతో రా అని అడిగింది. నువ్వు పేపరు పేజీ తిప్పావు. మళ్ళీ అడిగింది. నువ్వు ఇంకో పేజీ తిప్పావు.

తను ఒక్కతే బస్సెక్కి ఈ ఊరి ఆసుపత్రికి వచ్చింది. సంతకం పెట్టడానికి ఇంటివాళ్ళు కావాలంటే నాకు కబురు పంపింది. మంచం మీద నుంచే నీకు ఫోన్ చేసింది. ఇంకో అవకాశం ఇద్దామనుకుందో ఏమో. కోత అయిపోయింది, నేనిక ఆ ఇంటికి రాలేను అని చెప్తే, నువ్వు సరే, సరే అన్నావట. నేను పక్కనే ఉన్నాను. ఫోన్ పెట్టేసి గోడకేసి తిరిగి పడుకుంది. గాయం మానింది. గడ్డ చెడ్డది కాదన్నారు. మూడు నెలలకోసారి చూపించుకోమన్నారు.

ఇదంతా నీతో చెప్పకూడదనే అనుకున్నాను. కానీ నీ ఉత్తరంలో పిట్టల మాట చదివి వినిపించినప్పుడు దాని చేతిలో పెన్సిల్ ఆగిపోయింది. వెనక చెట్టు నిండా పిచ్చుకలే వదినా, తెల్లారేసరికి చెవులు చిల్లులు పడతాయి, కిటికీ మూసేది నేనే కదా అంది. కాలింగ్ బెల్లు కూడా బాగానే ఉందంది.

నీ కుక్కర్‌కి ఏ రోగమూ లేదురా. చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళు. వెళ్ళేదాకా నాకు ఉత్తరం రాయకు.

అక్క


ఫ్యాక్టరీ క్వార్టర్స్, పై వాటా
సోమవారం

అక్కా,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. రాయొద్దన్నావని రాయలేదు. అంటే, అన్నాళ్ళూ డాక్టరు దగ్గరికీ వెళ్ళలేదు.

ముందు నమ్మలేదు. ఇద్దరూ కలిసి నా మీద కథ అల్లారనుకున్నాను. గడ్డ సంగతి కూడా నమ్మకూడదనే చూశాను, కుదరలేదు. ఫ్యాక్టరీకి వెళ్ళాను, వచ్చాను. గింజలు నానబెట్టినవి మొలకలొస్తే పారేసి మళ్ళీ నానబోశాను.

నిన్నటిది కాక అంతకుముందు ఆదివారం వాటిని కుక్కర్లో పెట్టాను. విజిల్ లెక్కపెట్టే పని లేదు కదా, అదే ఉడుకుతుందిలే అని ముందు గదిలోకి వచ్చి వంటగదికి వీపు పెట్టి కూర్చున్నాను. నీళ్ళు తక్కువైనట్టున్నాయి. ఎంతసేపయిందో తెలీదు, భుజం మీద చెయ్యి పడింది. తిరిగి చూస్తే కింది వాటా నర్సు. తలుపు గడియ ఊడి వేలాడుతోంది. గదంతా పొగ. మూతలో ఉండే సేఫ్టీ వాల్వ్ పేలి గింజలు సీలింగుకి కొట్టుకున్నాయి. కింద ఆవిడ ఇంట్లో బిడ్డ ఊయల ఊగిపోయిందట ఆ చప్పుడుకి. నాకు తలుపులాంటిది వేసినట్టు అనిపించింది, గాలేమో అనుకున్నాను.

ఆవిడ స్టవ్ కట్టేసి, కిటికీలు తెరిచి, నా ఎదురుగా వచ్చి నిలబడింది. నా మొహంలోకి చూస్తూ, ఒక్కో మాటా విడివిడిగా, మీకు వినపడదు కదండీ అని అడిగింది. ఆవిడ అన్న ప్రతి మాటా నాకు అర్థమైంది. ఆవిడ పెదాలు చూస్తున్నానని అప్పుడే తెలిసింది. ఎంత కాలంగా అలా చూస్తున్నానో తెలీదు.

మర్నాడు ఆవిడే తన పళ్ళ డాక్టరు చేత చెవుల డాక్టరుకి చీటీ రాయించి పంపింది. అక్కడ అలమరలాంటి చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్ పెట్టి, చేతికొక బటన్ ఇచ్చారు. శబ్దం వినపడినప్పుడల్లా నొక్కాలి. అద్దం అవతల కూర్చున్న అమ్మాయి తలూపింది. మొదట్లో గుయ్‌మనే లావు శబ్దాలు కొన్ని వచ్చాయి, నొక్కాను. తర్వాత ఆగిపోయాయి. మిషన్ చెడిపోయిందేమో, బాగు చేసుకుని మొదలుపెడతారులే అని బుద్ధిగా కూర్చున్నాను. ఆ అమ్మాయి తలుపు తీసింది. ఎప్పుడు మొదలుపెడతారని అడిగాను. అయిపోయిందండీ అంది.

సన్నని శబ్దాలన్నీ పోయాయట. విజిళ్ళు, బెల్లులు, పిట్టలు, ఆడవాళ్ళ మాటలో సగం. లేత్ షాపు మోత ఏళ్ళ తరబడి కొంచెం కొంచెంగా తినేసిందన్నాడు డాక్టరు. ఫోర్‌మన్‌కి చెప్పి మిగతావాళ్ళని కూడా పంపమన్నాడు. చెప్పాను. ఫోర్‌మన్ ఏమన్నావని రెండుసార్లు అడిగాడు.

చెవికి పెట్టుకునే మిషన్ ఇచ్చారు. దాన్ని పెట్టుకుంటే పేపరు మడత విప్పినా తాటాకులు చించినట్టుంది. నేను నమిలే చప్పుడు నేనే భరించలేకపోతున్నాను. తీసి జేబులో వేసుకుని మళ్ళీ పెట్టుకుంటున్నాను.

ఆ సాయంత్రం తనేమందో నువ్వు రాసేదాకా నాకు తెలీదక్కా. ఒక్క అక్షరం కూడా చేరలేదు. ఇది తనకి చెప్పు.

తమ్ముడు


టైలరింగ్ షాపు, వెనక గది
శుక్రవారం

తమ్ముడూ,

నీ ఉత్తరం దానికిచ్చాను. చదివింది, మడిచి నా చేతికిచ్చి మళ్ళీ ప్రూఫులు ముందేసుకుంది. ఒక పేజీ అయ్యాక తలెత్తి మొదలుపెట్టింది. ఇన్నాళ్ళూ నోరు విప్పని మనిషి, నా చెవులు పట్టలేనంత మాట్లాడింది. నువ్వు కరిగిపోతుందనుకుంటున్నావేమో, లేదు. అన్నది అన్నట్టే రాస్తాను, నేను మధ్యలో ఉండి తీపి కలపను.

“చెవులు పోయాయంటే బాధగానే ఉంది వదినా. నేను కనిపెట్టలేకపోయినందుకు కూడా బాధగా ఉంది. కానీ కళ్ళకేమైంది? గుమ్మంలో ఏడుస్తూ నిలబడ్డాను. తల ఎత్తితే చాలు, ఒక్క మాట వినపడక్కర్లేదు. ఆ నర్సు మొహం చూడటానికి తీరిక దొరికిందిగా. ఇన్నేళ్ళలో నా మొహం ఒక్కసారి చూసుంటే, నేనేదో అంటున్నానని తెలిసేది కాదా?”

దీనికి జవాబు నీ దగ్గరుందా? ఉంటే నాకు రాయకు, నేను మీ ఇద్దరి మధ్య తపాలా పెట్టెని కాను. యూనిఫాంలు ఎక్కడివక్కడే ఉన్నాయి, మీ బావ చొక్కా గుండీ ఊడి వారమైంది.

పరీక్షకి తను వెళ్ళాల్సిన రోజు వచ్చే గురువారం, పొద్దున. నేను తోడు వెళ్ళాలి. ఆ రోజు నాకు ఊపిరాడని పని ఉంటుంది, రాలేనని ఆఖరి నిమిషంలో చెప్తాను. నీకిది రాశానని తనకి చెప్పలేదు. వస్తావో రావో నీ ఇష్టం. వస్తే చెవి మిషన్ జేబులో కాదు, చెవికి పెట్టుకుని రా.

ఇక వంట. నీకు విజిల్ అక్కర్లేదు. ఆ మాట మర్చిపో. వెయిట్ లేచి ఆవిరి చిమ్మితే ఒకటి. దాని మీదే చూపు పెట్టుకుని లెక్కపెట్టు. మూడోది కాగానే కట్టేయి. వాల్వ్ కొత్తది వేయించు. వండేటప్పుడు వీపు పెట్టి కూర్చోకు, నీ ఖర్మ కొద్దీ కళ్ళే నీకు దిక్కు. బియ్యం గ్లాసుకి నీళ్ళు (కొట్టివేత: రెండు గ్లాసులు) గ్లాసున్నర.

పైన కొట్టేసినదీ, దిద్దినదీ ఎర్ర సిరాతో ఉంది చూడు, అది నేను కాదు. ఉత్తరం అంటించబోతుంటే లాక్కుని, మీ ఇంట్లో ఉన్నది కొత్త బియ్యం, రెండు పోస్తే జావ కాక ఏమవుతుందని విసుక్కుంటూ దిద్దింది. తప్పు కనపడితే దానికి చేతులు ఊరుకోవు. గురువారం సంగతి ఇంకో కాగితం మీద రాసి ముందే కవర్లో పెట్టాను కాబట్టి సరిపోయింది.

అక్క


ఫ్యాక్టరీ క్వార్టర్స్, పై వాటా
గురువారం

అక్కా,

ఇప్పుడే బస్సు దిగి వచ్చాను. బూట్లు కూడా విప్పలేదు, మళ్ళీ ఏదైనా మర్చిపోతానని రాస్తున్నాను.

నేను వెళ్ళేసరికి ఆసుపత్రి గేటు ఇంకా పూర్తిగా తెరవలేదు. తను రిక్షా దిగి నన్ను చూసింది. నువ్వు రాలేకపోయిన కారణం అప్పుడు అర్థమైనట్టుంది, నిన్నేదో అంది. అది వినపడింది, ఇక్కడ రాయను. ఆగకుండా లోపలికి నడిచింది. వెనకే వెళ్ళాను. చిక్కిపోయింది అక్కా. ఎడమ చెయ్యి పూర్తిగా పైకి ఎత్తడం లేదు. నువ్వు అది రాయలేదు.

బెంచీ మీద పక్కపక్కన కూర్చుంటే నాకు తన మొహం కనిపించడం లేదు. లేచి ఎదురు బెంచీ మీదకి మారాను. ఎందుకు మారావు అంది. నువ్వేమైనా అంటే తెలియాలి కదా అన్నాను. అప్పుడు నువ్వు రాసిన ప్రశ్నకి జవాబు చెప్పాను. అది చెవుల తప్పు కాదు, నేను తల ఎత్తలేదు అన్నాను. ఇంకా చాలా అనుకుని వెళ్ళాను గానీ అంతకంటే రాలేదు. తను చేతి సంచీ పక్కన పెట్టింది. తర్వాత ఆ రోజు సాయంత్రం గుమ్మంలో అన్నదంతా మొదటి నుంచి చెప్పింది. గడ్డ ఎప్పుడు తగిలిందో, ఎన్నాళ్ళు దాచుకుందో, డాక్టరు ఏమన్నాడో. అటూ ఇటూ జనం తిరుగుతున్నారు. మిషన్లో అందరి చెప్పుల చప్పుడూ కలిసిపోతోంది. నేను మాత్రం కళ్ళు తిప్పలేదు. చివర్లో, నాకు భయంగా ఉంది, నాతో రా అని కూడా అంది, అప్పటిలాగే. వచ్చాను అన్నాను.

లోపల డాక్టరు మూతికి గుడ్డ కట్టుకున్నాడు. ఏమంటున్నాడో నాకు ఒక్క ముక్క తెలియలేదు. తను అంతా విని, నా వైపు తిరిగి, బాగానే ఉందట, ఏమీ లేదట అంది. నాకు ఆ మిషన్లో సరిగా రాక మళ్ళీ చెప్పమన్నాను. చెప్పింది. ఏమీ లేదంటే గాయంలోనా, పరీక్షలోనా అన్నాను. మూడోసారికి విసుక్కుంది. “రెండిట్లోనూ లేదు, నీకు తాటికాయంత అక్షరాలతో అచ్చేసి ఇవ్వాలా” అంది. డాక్టరు నవ్వాపుకోవడం గుడ్డ మీద నుంచి కూడా కనపడింది. నన్ను అలా విసుక్కుని ఎంత కాలమైందో అక్కా. ఏం లేదులే అనడం మొదలుపెట్టినప్పటి నుంచీ విసుక్కోవడం మానేసింది. నేనది శాంతం అనుకున్నాను.

బస్టాండు దాకా నడిచాం. తను మీ వైపు టౌను బస్సెక్కాలి, నేను ఇటు. నా బస్సు కదలబోతుంటే కిటికీలోంచి అడిగాను, ఇంటికొస్తావా అని. తను ఏదో అంది. ఇంజను మోతలో కలిసిపోయింది. అలవాటుగా సరే అనేయబోయాను. నోట్లో ఆ మాట వచ్చేసింది కూడా, పట్టుకుని వెనక్కి లాక్కున్నాను. వినపడలేదు, మళ్ళీ చెప్పు అన్నాను. తను కిటికీ దగ్గరికి వచ్చి, ఊచలు పట్టుకుని, బస్సులో సగం మంది తిరిగి చూసేంత గట్టిగా చెప్పింది.

“వచ్చే వారం శనివారం వస్తాను. వంట మాత్రం నీదే.”

నా పక్కన కూర్చున్న పెద్దాయన, కూరలేం తీసుకెళ్తున్నావని నన్ను దారి పొడుగునా ఆరా తీశాడు.

కాబట్టి అక్కా, ఇది అందిన రోజే రాసి పోస్టులో వెయ్యి. అన్నం నాకు వచ్చేసింది, పొడిపొడిగా, గ్లాసున్నరకి. గింజలు కుదురుతున్నాయి. వాటితో ఇంకేం చేయాలి? ఎడమ చెయ్యి పూర్తిగా ఎత్తలేని మనిషి, గిన్నెలు ఎత్తి వడ్డించుకునే పని లేకుండా తినేలా ఉండాలి. బంగాళాదుంపలు ఎన్ని ముక్కలు, కుక్కర్లో ఎంతసేపు, ఉప్పు ముందా తర్వాతా. ఏదీ వదలకు. రాసి తనకి కూడా ఒకసారి చూపించి పంపు.

తమ్ముడు